తిరుపతమ్మ నడిపితేనే వచ్చే శబ్దం

తిరుపతమ్మ నడిపితే బండి టక్కుమనేది. అంకబాబు నడిపితే నోరెత్తేది కాదు.

ఆ భార్యాభర్తల మధ్య ఇరవై రోజులుగా ఇదే తగువు.

అంకబాబు కందుకూరులో పేరున్న మోటారుసైకిల్ మెకానిక్కు. మా పెదనాన్న మాలకొండయ్య గారి దగ్గర పన్నెండేళ్ళ నుంచీ పని నేర్చుకుంటూ, ఆయన షెడ్డులోనే చేస్తున్నాడు. పామూరు రోడ్డు మీద బండి వస్తుంటే టీ బంకు దగ్గర నిలబడి, తల తిప్పకుండానే, "దీనికి చైను వదులు", "దానికి వాల్వు కొడతంది" అని చెప్పేవాడు. అతను తప్పగా ఎవరూ చూడలేదు.

అట్లాంటివాడి సొంత బండికే జాడ తెలియని శబ్దం వచ్చిపడింది.

సంగతేమిటంటే, తిరుపతమ్మకి నల్లగుంటపాలెంలో బ్రాంచి పోస్టుమాస్టరు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఊరు పద్నాలుగు కిలోమీటర్లు. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అదీ డ్రైవరు మనసు బాగుంటే. ఆ మట్టిరోడ్డు గుంతలకి చిన్న చక్రాల స్కూటరు ఆగదని అంకబాబు తన మోటారుసైకిలే ఆమెకి నేర్పాడు. కానీ అది ఎత్తు బండి. తిరుపతమ్మేమో నాలుగడుగుల తొమ్మిదంగుళాలు, గట్టిగా తూస్తే నలభై కేజీలు. సీటు మీద కూర్చుంటే కాళ్ళు గాల్లో ఆడేవి.

అందుకని బండినే కిందికి దించాడు. ముందు ఫోర్కు గొట్టాలు పైకి జరిపి బిగించాడు. వెనక షాకబ్జర్లకి పొట్టి స్ప్రింగులు వేశాడు. సీటులో స్పాంజి చెక్కేశాడు. సైడుస్టాండు కూడా కోసి అతికించాడు. రెండు పాదాలూ నేలకి ఆనిన రోజు తిరుపతమ్మ మా ఇంటికొచ్చి నా నోట్లో చక్కెర పోసి వెళ్ళింది. మా చిన్నవాడి అన్నప్రాశన అయిన వారమే అది.

నాలుగు రోజులు తిరక్కుండానే టక్కు మొదలైంది.

"గుంత వస్తే చాలు, ఎనక ఎవరో సుత్తి పెట్టి కొట్టినట్టుంటదయ్యా" అంది.

అంకబాబు బండెక్కి ఊరంతా తిప్పాడు. ఏమీ లేదు. అయినా ఫోర్కు ఆయిలు మార్చాడు. హ్యాండిలు కింద బేరింగులు మార్చాడు. వెనక బుష్షులు మార్చాడు. చైను కవరుకి రబ్బరు అంటించాడు. పొడుగు స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకుని ఇంజనంతా విన్నాడు. కావాలని గుంతలు వెతుక్కుని మరీ నడిపాడు. బండి గుడిలో దీపంలాగా నిశ్శబ్దంగా ఉండేది. ఆమె ఎక్కితే మళ్ళీ టక్కు.

చివరికి ఒకరోజు విసుగొచ్చి అనేశాడు. "బండిలో ఏం లేదు. నీ భయమే టక్కుమంటంది."

ఆ మాటతో తిరుపతమ్మ బండి ఎక్కడం మానేసింది.

శుక్రవారం మధ్యాహ్నం నేను పెదనాన్నకి మజ్జిగ తీసుకుని షెడ్డులోకి వెళ్ళాను. సోమవారానికి మధ్యలో ఉన్నది రెండు రోజులు. అందులో శనివారం లెక్కలోకి రాదు. మాలకొండ నరసింహస్వామి గుడి తెరిచేది వారానికి ఆ ఒక్కరోజే కాబట్టి పెదనాన్న షెడ్డు మూసి కొండకి వెళ్ళిపోతారు.

నేను వెళ్ళేసరికి తిరుపతమ్మ బండిని తోసుకుంటూ వస్తోంది. ఎక్కి రాలేదు. ముఖమంతా చెమట.

"మామయ్యా, ఈ ఉద్యోగం నాకొద్దని రాసిచ్చేస్తాను" అంది. "దారిలో వాగు దాటినాక మనిషి కనపడడు. ఎనక ఏది ఊడిపోతందో తెలియకుండా రోజూ ఎట్టా పోయేది?"

పక్కనున్న బండి కిందినుంచి అంకబాబు గొంతు వచ్చింది. "మీరు నమ్మబాకండి మేస్త్రీ. బండి బంగారం. యాభై సార్లు నడిపాను నేను."

పెదనాన్న అతనికేసీ చూడలేదు, ఈమెనీ ఓదార్చలేదు. చేతులు గుడ్డకి తుడుచుకున్నారు.

"అంకబాబూ, పార్టీ వచ్చింది. కుర్చీ వెయ్యి."

అంకబాబు బయటికి పాకి రోడ్డు వైపు చూశాడు. "ఏ పార్టీ మేస్త్రీ?"

"బండి తెచ్చింది కదయ్యా. కనపళ్ళా?"

షెడ్డుల్లో బండి తెచ్చినవాళ్ళని పార్టీ అనే అంటారు. వాళ్ళ కోసం మా దగ్గర ఒక్కటే ప్లాస్టిక్ కుర్చీ. టీ బంకు దగ్గర నలుగురూ ఇటు తిరిగారు. "వెయ్యరా అంకబాబూ, మామూలు పార్టీ కాదు!" అని ఒకాయన అరిచాడు. అంకబాబు చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీ తెచ్చి, తుడిచి వేశాడు. తిరుపతమ్మ చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటూ కూర్చుంది.

పెదనాన్న ఆమె ఎదురుగా పీట వేసుకున్నారు.

"చెప్పమ్మా. శబ్దం ముందా, ఎనకా?"

"ఎనక."

"కుడా, ఎడమా?"

"రెండువైపులా. ఎడమ కొంచెం ఎక్కువ."

"గుంతలోకి దిగేటప్పుడా, పైకి ఎక్కేటప్పుడా?"

"రెండూ కాదు మామయ్యా. ఎక్కినాక బండి ఒక్క రవ్వ పైకి లేస్తది చూడండి, అప్పుడు."

"ఎనక ఎవరన్నా కూర్చుంటే?"

"రాదు. మా అత్త కూర్చుంటే అసలు రాదు. ఆమెకి జడిసి ఊరుకుంటదనుకుంటా."

నాకు నవ్వాగలేదు. పెదనాన్న కూడా నవ్వారు. అంకబాబు మాత్రం నవ్వలేదు. చేతిలో పానా కింద పెట్టాడు.

"ఇదంతా నాకెప్పుడు చెప్పావు?"

"నువ్వెప్పుడు అడిగావు?"



పెదనాన్న షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఏ బండి వచ్చినా ముందు పార్టీని నాలుగు మాటలు అడగాలి. తరవాత పార్టీ చేతే ఒక చుట్టు నడిపించి చూడాలి. అప్పటిదాకా పానా ముట్టకూడదు. కలెక్టరు బండయినా సరే, కల్లుగీసే ఆయన బండయినా సరే. పన్నెండేళ్ళలో అంకబాబు ఆ పద్ధతి ఎన్నడూ తప్పలేదు. ఈ ఒక్క బండీ ఇంటిది.

"అమ్మాయ్, ఆ స్పీడుబ్రేకరు మీదుగా ఒక చుట్టు తిరిగి రా" అన్నారు పెదనాన్న. "అంకబాబూ, నువ్వు పోయి దాని పక్కన కూర్చో."

"రోడ్డు మీదా మేస్త్రీ?"

"గొంతుక్కూర్చో. చెవి చక్రానికి సమంగా ఉండాలి."

అంకబాబు తొంభై ఐదు కేజీల మనిషి. ఎండలో, తారు రోడ్డు పక్కన, మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. అటు పోతున్న లారీ డ్రైవరు తల బయటపెట్టి, "ఏం పారేసుకున్నావు బావా?" అని అడిగాడు. అంకబాబు స్పీడుబ్రేకరు మీంచి చూపు తిప్పలేదు.

తిరుపతమ్మ భయం భయంగానే ఎక్కింది. రైసుమిల్లు దాకా పోయి తిరిగి వస్తోంది. ముందు చక్రం స్పీడుబ్రేకరు ఎక్కి దిగింది. వెనక చక్రం ఎక్కింది, దిగింది. బండి వెనక భాగం ఒక్క రవ్వ లేచింది.

టక్.

అంకబాబు కూర్చున్నవాడు కూర్చున్నట్టే గంతేశాడు. "వచ్చింది! మేస్త్రీ, వచ్చింది! నేను విన్నా!"

తిరుపతమ్మ అదిరిపడి బ్రేకు వేసింది. "ఏమైందయ్యా?"

"నిజమేనే! టక్కే!"

"ఇరవై రోజుల్నుంచీ నేను చెప్పేది ఏంది మరి?"

శబ్దం విని అంత సంతోషపడిన మెకానిక్కుని నేను ఎక్కడా చూడలేదు. బండిని తనే తోసుకుంటూ, ఊరేగింపు తీసుకొచ్చినట్టు షెడ్డులోకి తెచ్చాడు.

పెదనాన్న తిరుపతమ్మనీ నన్నూ పిలిచారు. "మీరిద్దరూ ఎనక కడ్డీ పట్టుకుని పైకి లాగండి. చక్రం నేల మీంచి లేవాలి." లాగాం. వెనక భాగం సాంతం సాగి, చక్రం ఒక్క రవ్వ గాల్లోకి లేచింది. పెదనాన్న అంకబాబు చెయ్యి పట్టుకుని ఎడమవైపు స్ప్రింగు మీద పెట్టారు.

"తిప్పు."

అంకబాబు రెండు వేళ్ళతో తిప్పాడు. స్ప్రింగు చేతికి వదులైన గాజులాగా గిరగిరా తిరిగింది.

కుడివైపుది తిప్పాడు. అదీ తిరిగింది.

 ఇక పెదనాన్న విడమరిచి చెప్పే పనే లేకపోయింది. స్ప్రింగులు పొట్టివి, షాకబ్జర్ల లోపలి కడ్డీలేమో పాత పొడుగువే. బండి మీద బరువున్నంతసేపూ స్ప్రింగు అణిగి ఉంటుంది. నలభై కేజీల మనిషితో బండి గుంత దాటి పైకి లేచినప్పుడు కడ్డీ మొత్తం సాగి, స్ప్రింగు తన గూడు వదిలి, మళ్ళీ వచ్చి కొట్టుకుంటుంది. అంకబాబు కూర్చున్న బండిలో దానికి లేచే వీలేదీ?

అంకబాబు వంగి స్ప్రింగుని చూశాడు. తరవాత తన పొట్ట చూసుకున్నాడు. తరవాత భార్య వైపు చూడబోయి, చూడలేక, పానా వెతుక్కున్నాడు.

పాత ట్రాక్టరు టైరులోంచి వేలి మందాన రెండు రబ్బరు చుట్లు కోశాడు. అంచులు రాయి మీద అరగదీశాడు. స్ప్రింగుల కింద ఒక్కొక్కటి కూర్చోబెట్టి బిగించాడు. మళ్ళీ మమ్మల్ని లాగమని, తనే తిప్పి చూశాడు. స్ప్రింగు కదలలేదు. తిరుపతమ్మ ఎక్కి కూర్చుని పాదాలు ఆనించి చూసుకుంది. మడమలు ఒక గోరంత పైకి లేచాయంతే.

"ఇది పరవాలేదు" అంది. "ఎత్తుకి నేనెప్పుడు జడిశాను?"

ఆమె దిగగానే అంకబాబు హుషారుగా కాలెత్తి సీటు మీద వేశాడు. కిక్కు కొట్టబోయాడు.

పెదనాన్న హ్యాండిలు మీద చెయ్యి పెట్టారు.

"దిగు."

"ట్రయలు చూడొద్దా మేస్త్రీ?"

"దిగి చూడు."

అంకబాబు ఆయన ముఖంలోకి చూశాడు. నెమ్మదిగా దిగాడు. తాళం చెవి చొక్కాకి తుడిచి, రెండు చేతులతో తిరుపతమ్మకి ఇచ్చాడు. మా షెడ్డులో పార్టీకి తాళం ఇచ్చేది అట్లాగే.

తిరుపతమ్మ చున్నీ నడుముకి బిగించి కట్టింది. బండి కదిలింది. స్పీడుబ్రేకరు ఎక్కింది, దిగింది, ఒక్క రవ్వ లేచింది.

ఏమీ వినపడలేదు.

ఆమె వేగం పెంచింది. రైసుమిల్లు దగ్గర తిప్పుకుని రావాలి. తిప్పుకోలేదు.

"మేస్త్రీ, అటు పోతందేంది?" అంకబాబు రోడ్డు మధ్యకి వచ్చేశాడు. "నల్లగుంటపాలెం దారి పట్టింది!"

పెదనాన్న మజ్జిగ గ్లాసు అందుకున్నారు.

అంకబాబు రెండడుగులు పరిగెత్తాడు. ఆగాడు. మిల్లు మలుపులో బండి కనపడకుండా పోయింది. చప్పుడు మాత్రం వస్తోంది, సన్నగా, ఎక్కడా తెగకుండా. కాసేపటికి నాకు అదీ వినపడలేదు.

అంకబాబు కళ్ళు మూసుకుని, ముఖమంతా నవ్వుతో, ఇంకా వింటూనే ఉన్నాడు.