భూలోకం తల వంచని గుమ్మం

అనగనగా పది అడుగుల మనిషి ఒకడు ఉండేవాడట. ఏ ఇంటి గుమ్మమూ పట్టక, చివరికి సముద్రంలోకి నడుచుకుంటూ వెళ్ళిపోయాడట. అందరూ చెప్పే కథ ఇదే. నీకూ ఎవరో చెప్పే ఉంటారు బంగారూ. కానీ ఆ పది అడుగులు కొలిచిన వాళ్ళెవరు? అతను సముద్రంలోకి వెళ్తుంటే చూసిన వాళ్ళెవరు? ఒక్కరూ లేరు. అందుకని అసలు సంగతి నేను చెబుతాను, ఊఁ కొడుతూ విను.

వంశధార ఒడ్డున ఒక నేతగాళ్ళ ఊరు ఉండేది. ఆ ఊళ్ళో నూకాలమ్మ, ఆమె తమ్ముడు భూలోకం ఉండేవారు. తల్లీ తండ్రీ పోయాక అప్పే అతన్ని పెంచింది. అప్ప అంటే వాళ్ళ వైపు అక్క. పన్నెండేళ్ళదాకా భూలోకం అందరి పిల్లల్లాగే ఉన్నాడు. ఆ తర్వాత పెరగడం మొదలుపెట్టి, ఇక ఆగలేదు. మొదట మంచం చాలలేదు. ఆ తర్వాత మగ్గం గుంటలో కాళ్ళు పట్టలేదు. చివరికి ఇంటి గుమ్మం దాటాలంటే నడుం దగ్గరికి వంగాల్సి వచ్చింది.

మగ్గం మీద కూర్చోలేని నేతగాడు ఏం చేస్తాడు? అప్పుడు వీర్రాజు అనే ఆయన గుడారం ఆటతో ఆ వైపు వచ్చాడు. భూలోకాన్ని చూసి, తిండీ బట్టా నేను చూస్తానని వెంటబెట్టుకుపోయాడు.

ఆ గుడారంలో అతనికి నాలుగు వేళ్ళ మందం అట్టల జోడు తొడిగారు. జానెడు ఎత్తు తలపాగా చుట్టారు. బల్ల మీద నిలబెట్టారు. ఎవరూ అతన్ని కొలవకూడదని కట్టడి చేశారు. జనం చేరగానే వీర్రాజు చెయ్యెత్తి ఇలా అనేవాడు: "పది అడుగుల మనిషి బాబూ! మనుషులు కాపురముండే ఇంట్లోకి ఇతను తల వంచకుండా దూరే గుమ్మం ఒక్కటి చూపించండి, ఇతన్ని అక్కడే ఒగ్గేస్తాను, వదిలేసి పోతాను."

ఏ ఊళ్ళోనూ ఎవరూ చూపించలేదు. జనం నవ్వుకుంటూ పోయేవారు.

తెల్లవారుజామున మాత్రం భూలోకానికి బాగుండేది. లేచి నిలబడితే గుడారం అంచు పైనుంచి లోకం కనిపించేది. కింద పొగమంచు పారబోసిన పాలలా పరుచుకునేది. అందులోంచి తాటి తలలు తేలేవి, కొంగలు అతని భుజం పక్కనుంచే ఎగిరిపోయేవి. ఆ తెల్లదనమంతా అప్ప ఆరేసిన నూలులా కనిపించేది. కానీ ఏడాదికేడాది మోకాళ్ళు అరిగిపోతున్నాయి. నిలబడే శక్తి ఉండగానే ఒక్కసారి తన ఇంట్లోకి నిటారుగా నడిచి వెళ్ళాలని, మరేమీ వద్దని అనుకునేవాడు.

ఒకసారి ఆట టెక్కలి వచ్చి, కొన్నాళ్ళు అక్కడే మకాం వేసింది. నూకాలమ్మ జనంలో నిలబడి తమ్ముణ్ణి చూసింది, వీర్రాజు మాటలు విన్నది. తిన్నగా ఊరికి వచ్చి వడ్రంగి కామాచారి దగ్గర కూర్చుంది. పెద్ద గుమ్మం కావాలంది.

కామాచారి మంచివాడే గానీ పద్ధతి తప్పడు. గుమ్మం ఎత్తు ఇంటి యజమాని మూరతో నాలుగు మూరలు. అంతకన్నా ఒక వేలు పెంచడు, తగ్గించడు. నూకాలమ్మ ఆలోచించి, ఇంటికి యజమాని నా తమ్ముడే కదా అంది. అయితే అతని మూర తెమ్మన్నాడు కామాచారి.

అప్పుడు నూకాలమ్మ కొలతాడు పట్టుకుని గుడారానికి వెళ్ళింది. వాకిట్లోనే లాక్కున్నారు. రెండోసారి తమ్ముడి చొక్కా అడిగి తెచ్చింది. కామాచారి ఆ చొక్కా చేతిని తిరగేసి చూసి, దీనికి మణికట్టు దగ్గర జానెడు గుడ్డ అతుకు వేశారమ్మా, అబద్ధపు కొలతతో గుమ్మం ఎత్తను అన్నాడు.

మూడోసారి ఆమె నూలు తీసుకెళ్ళింది. నేతగాళ్ళ ఇళ్ళల్లో నూలు చిలప ఎలా చుడతారో తెలుసా? బొటనవేలి సందులోంచి మోచేతి కిందికి, మళ్ళీ పైకి. "చిన్నప్పట్లా కాస్త చుట్టిపెట్టు తమ్ముడూ," అంది. భూలోకం చుట్టాడు. వీర్రాజు అక్కడే కూర్చుని చూస్తూ, ఎంత ఒళ్ళున్నా ఆడపనే చేస్తున్నాడని ఎగతాళి చేశాడు. ఆమె ఆ చిలపను కొంగులో దాచుకుని ఊరికి వచ్చేసింది.

కామాచారి చిలపను చాచి పట్టుకున్నాడు. చిలప పొడవు బొటనవేలి సందు నుంచి మోచేతిదాకా, దానికి మధ్యవేలి కొసదాకా మిగిలిన కొలత కలిపాడు. మూర తేలింది. నాలుగు మూరల ద్వారబంధం లేచింది. చూరు ఎత్తి కట్టాల్సి వచ్చింది. ఊరివాళ్ళు, ఏటి నూకాలమ్మా, లోపల తేరు పెడతావా అని నవ్వారు.

ఆ తర్వాత ఊరంతా టెక్కలి వెళ్ళి, జనం ముందే గుమ్మం ఉందన్నారు. వీర్రాజు వెనక్కి తగ్గలేకపోయాడు. భూలోకాన్ని ఆట వేషంలోనే తీసుకొచ్చాడు, ఈ వేషంతోనే దూరాలన్నాడు.

గుమ్మం ముందు నూకాలమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడింది. "జోడుతో ఇంట్లోకి ఎవరొస్తారు బాబూ?" అంది. ఊరంతా అవునంది. భూలోకం జోడు విప్పాడు. తలపాగా కూడా తీసి, రెండూ వీర్రాజు చేతుల్లో పెట్టాడు. "ఇవి మీవి. ఈ తల నాది."

కాళ్ళు కడుక్కుని గుమ్మం దగ్గరికి వచ్చాడు. వచ్చాడు గానీ, పదిహేనేళ్ళ అలవాటు కదా, మెడ దానంతటదే వంగబోయింది. వీర్రాజు కళ్ళు మెరిశాయి.

"వంగకురా తమ్ముడూ," అంది నూకాలమ్మ మెల్లగా. "నీ మూరతోనే కొలిచాం."

భూలోకం కళ్ళు మూసుకున్నాడు. తెల్లవారుజామున గుడారం పక్కన నిలబడ్డట్టే నిటారుగా నిలబడ్డాడు. అడుగు వేశాడు. తలకీ చెక్కకీ మధ్య నాలుగు వేళ్ళ గాలి చల్లగా తగిలింది. కళ్ళు తెరిచేసరికి ఇంట్లో ఉన్నాడు.

సముద్రానికి వెళ్ళలేదు బంగారూ. మగ్గం గుంట లోతుగా తవ్వించుకుని, మోకాళ్ళు సహకరించినన్నాళ్ళూ నేశాడు. ఆ గుమ్మం గడప నుంచి ఎనిమిది అడుగులకు ఒక వేలు తక్కువ. దాని పై చెక్క మీద కామాచారి ఉలితో చెక్కిన మాట నేను వేలితో తడుముతూ చదివాను: "భూలోకం తల వంచక ఇంటికి వచ్చిన దినం, 1929 ఏప్రిల్ 21, ఆదివారం."

వంగని తల ఇంట చేరింది,
వడికిన నూలు గూట చేరింది,
కథ కంచి గుమ్మం దాటింది,
కంటికి రెప్ప గడియ పెట్టింది.