వేలు పట్టేంత సందు

అనగనగా అంటే మరీ రాజుల కాలం కాదు, ఇంటింటికీ ఫోను వచ్చిన కాలమే. ఏటి ఒడ్డున ఒక తమలపాకు తోట, ఆ తోటలో తాయారు అనే ఇల్లాలు. ఆమె ఇంతవరకూ ఎవరితోనూ అనని మాట ఒకటుంది. ఏ పిలుపు భరించలేక పన్నెండేళ్ల వయసులో పారిపోయి వచ్చిందో, ఆ పిలుపు కోసమే ఆమె చెవి ఇప్పటికీ కాచుకుని ఉంటుంది.

ఆ పిలుపు రాజ్యం పెద్దమ్మది. చిన్నప్పుడు తాయారు ఆమె దగ్గరే పెరిగింది. రోజూ దీపాలు పెట్టే వేళకి, "తాయారూ, వేళయిందే, వచ్చి కూర్చో!" అని కేకేసేది పెద్దమ్మ. ఆట ఎంత రంజుగా ఉన్నా వదిలి పలక పట్టాలి. ఒకనాడు తాయారు ఆ పలక విసిరికొట్టి, "నాకెవరూ చెప్పక్కర్లేదు, నేనే నేర్చుకుంటా" అని అమ్మ దగ్గరికి వచ్చేసింది. నేర్చుకుంది కూడా. పొట్లాల కాగితాలు చదివింది, గోడల మీది రాతలు చదివింది. ఏదీ చివరంటా కాదు, అన్నీ సగం సగం.

తన కూతురు సీతాలుని బడికి పంపలేదు. "నీకేది ఇష్టమైతే అదే చదువు, ఎప్పుడిష్టమైతే అప్పుడే" అంది. సీతాలు ఆకులు కట్టలు కడుతూ నూరు దాకా లెక్క నేర్చింది. ఉడతని చూసి ఉడత బొమ్మ గీసింది. తాయారు మురిసిపోయింది. అక్షరాలు మాత్రం 'ఛ' దాకా వచ్చి, తూనీగ వెంట ఎగిరిపోయాయి.

ఒకరోజు పక్కతోట పిల్ల కథల పుస్తకం తెచ్చి గడగడా చదివింది. సీతాలు ఆ పుస్తకం అందుకుని, బొమ్మలు చూసి మూసేసింది. ఇంటికొచ్చి భోరుమంది.

"నాకెందుకు చదవడం నేర్పలేదమ్మా?"

"నువ్వడగలేదు కదే!"

"అంత బాగుంటుందని తెలియందే ఎట్లా అడుగుతాను?"

తాయారు ఇక ఊరుకోలేదు. మర్నాటి నుంచి కోడి కూసింది మొదలు పొద్దుగూకే దాకా చదువే చదువు. పది రోజుల్లో సీతాలు అక్షరాలన్నీ అప్పజెప్పింది. కానీ "ఎందుకమ్మా?" అని అడగడం మానేసింది. ఉడత కళ్లముందే పరిగెత్తినా తలెత్తలేదు.

అంతలో తీగలు కట్టే పని పడింది. తమలపాకు తీగని జమ్ము గడ్డితో అవిశె చెట్టుకి కడుతూ పోతేనే అది పైకి పాకుతుంది. మొదటి తీగని కట్టడం మరిచారు, నేలమీద పడి కుళ్లిపోతోంది. రెండోదాన్ని తాయారే మొన్న చిరాకులో బిగించింది, నలిగి వాడిపోయింది. సీతాలు దానికి చెవి ఆనించి మెల్లగా అంది:

"ఊపిరాడట్లేదంటోందమ్మా."

తాయారు కూతురి మొహం కేసి చూసింది.

మూడో తీగ దగ్గర ఆమె చెయ్యి తనంతట తానే ఒక పని చేసింది. తీగకీ చెట్టుకీ మధ్య చూపుడువేలు పెట్టి ముడేసి, వేలు లాగేసింది.

"అట్లా ఎవరు నేర్పారమ్మా?"

"మా పెద్దమ్మ."

అన్నాక గాని గుర్తుకు రాలేదు. పగలంతా ఎక్కడ తిరిగినా పెద్దమ్మ ఒక్క మాట అడిగేది కాదు. అడిగిందల్లా దీపాల వేళ ఒక్క గంట. ఆ గంటని గుర్తుంచుకుని, మిగతా రోజంతా ఆమె ఇచ్చిందేనన్న సంగతి తాయారు మరిచిపోయింది.

"సీతాలూ, మా పెద్దమ్మ నన్ను దీపాల వేళకి చదువుకి పిలిచేది, నేను పారిపోయి వచ్చేశాను. రేపటి నుంచి దీపాల వేళ ఒక్క గంట నేనూ నిన్ను పిలుస్తాను, రావాలి. మిగతా రోజు నీది."

"పిలిచినా రాకపోతే?"

"మళ్లీ పిలుస్తా."

"మరి ఆవిడ నిన్ను మళ్లీ పిలవలేదా?"

"పిలిచింది. నేనే పలకలేదు."

ఎన్నిసార్లో పెద్దమ్మ ఫోను నంబరు నొక్కుతూ చివరి అంకె దగ్గర ఆగిపోయింది తాయారు. ఈవేళ ఆగకూడదనుకుంది. దీపం వెలిగించగానే ఫోను చేసి, "వేళయింది పెద్దమ్మా, వచ్చి కూర్చున్నా" అనాలని నిశ్చయించుకుంది.

వేళ తప్పకుండా, వేలు పట్టేంత సందుంచి కట్టిన తీగే పైకి పాకుతుంది. పిల్లల చదువూ అంతే.