పేరుకోని పాలు

తల్లి పోయిందన్న కబురు విన్నా యూనుస్ కంట చుక్క నీరు రాలేదు. కబురు తెచ్చింది సొంత అక్క సకీనా. ఇసుక దారిలో రెండు రోజులు నడిచి వచ్చింది.

"ఆఖరి మూడు రోజులూ నీ పేరే కలవరించిందిరా," అని గుమ్మంలో కూలబడింది.

అంతకుముందు రెండుసార్లు రమ్మని కబురు పెట్టినా వీడు కదిలితేనా! అది విరక్తి అనుకున్నాడు, వెర్రివాడు.

యూనుస్ తిన్నగా గురువు హసన్ బాబా దగ్గరికి వెళ్ళాడు.

"బాబా, ఆఖరి ముడి కూడా తెగింది. మన ఒంటె పాలలాగా అయ్యాను. నన్నేదీ పాడుచేయలేదు. ఇక నాకు బంధాలు వదిలిన దర్వేషులు తొడిగే అంగీ ఇప్పించండి."

బాబా ఆశ్రమంలో ఉంటూ ఒంటెల పాలు పితికేది అతనే. క్రిములను చంపే గుణమేదో పుట్టుకతోనే ఆ పాలలో ఉందనీ, అందుకే అంత ఎండలోనూ ఓ పట్టాన పాడవవనీ బాబాయే ఒకసారి చెప్పాడు. ఆ మాట భలే పట్టుకున్నాడు.

బాబా అంగీ ఊసెత్తలేదు.

"మీ అక్క ఎంగిలి పడలేదు. పెరుగైతే గొంతు దిగుతుందేమో. ఆ పాలే తోడుపెట్టు."

యూనుస్ పచ్చిపాలలో గరిటెడు మజ్జిగ కలిపాడు. మర్నాడు మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి. ఇంకో గరిటెడు వేసి, కుండకు కంబళి చుట్టి ఎండలో పెట్టాడు. మధ్యాహ్నానికీ కుండ వంచితే నీళ్ళలాగే కదిలాయి.

"పాడైతే కాలేదు బాబా," అన్నాడు, గర్వం చావక.

"అవును. ఏం వేసినా దానికి అంటలేదు," అన్నాడు బాబా.

ఈలోగా పొరుగున మేకలు కాసే ముసలమ్మ తెచ్చిన పెరుగు నాలుగు ముద్దలు తిని, సకీనా ప్రయాణమైంది. యూనుస్ కుండతోనే ఎదురు వెళ్ళాడు. సమాధి దగ్గరికైనా రమ్మని బతిమాలుతుందనుకున్నాడు. రానని చెప్పడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాడు.

ఆమె బతిమాలలేదు. ముసుగు సర్దుకుని, పరాయివాడి ముందు నిలబడినట్టు తల వంచింది.

"సెలవిప్పించండి, దర్వేషుగారూ."

అక్కా అని పిలుద్దామని యూనుస్ రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఆమె ఇసుక దిబ్బ దాటేదాకా చూస్తూ నిలబడ్డాడు.

వెనక నుంచి బాబా అన్నాడు:

"అంగీ మేకుకు తగిలించి ఉంది. కావాలంటే తీసుకో."