అడ్మిన్ సాంబయ్య మొహమాటం

నెమలిగట్టు అడవిలో ఎండాకాలం నీళ్లుండేది ఒకే ఒక్క తొట్టిలో. చుట్టూ ఇనుప కంచె, దానికో గేటు, గేటుకో తెర. తెర మీద గిట్టో పంజానో ఆనిస్తే, జాబితాలో పేరుంటేనే గేటు తెరుచుకునేది. ఆ పేర్లు చేర్చేదీ తీసేసేదీ అడ్మిన్. అడ్మిన్ ఎవరంటే సాంబయ్య అనే ఎద్దు. ఎవరినీ నొప్పించడని అందరూ కలిసి ఆయన్నే పెట్టుకున్నారు. కొంప మునిగింది అక్కడే లెండి.

ఓ పొద్దున నాగరత్నం అనే నక్క వచ్చింది.

"అన్నయ్యగారూ, మా చెల్లెలి కూతురి పెళ్లి. బోలెడు మంది చుట్టాలొస్తున్నారు. ఒక్కొక్కరి పేరు చేర్చమని మిమ్మల్ని విసిగించడం దేనికి? మూడు రోజులు నన్ను కూడా అడ్మిన్‌ని చేయండి, నేనే చూసుకుంటాను."

చేర్చడమే కదా, నేనే చేరుస్తాలే అనాలి. ఆ మాట సాంబయ్య గొంతు దాకా వచ్చింది కూడా. కానీ శుభమా అని పెళ్లి పెట్టుకుని అడుగుతుంటే కాదంటే ఏం బాగుంటుందని, ఆవిణ్ణి అడ్మిన్‌ని చేసేశాడు.

పెళ్లయింది. సాంబయ్యకు ప్రత్యేకంగా పచ్చగడ్డి వేయించింది నాగరత్నం. మూడు రోజులు కాస్తా పది రోజులయ్యాయి.

"ఏరా సాంబయ్యా, నక్క పేరు తీశావా?" అనడిగింది ముసలి తాబేలు తాతారావు.

"వాళ్లింట్లో విందు తిని, నెల తిరక్కుండా పేరు తీసేస్తే ఏమనుకుంటుంది బాబాయ్? పనైపోయింది కదా, ఆవిడే తప్పుకుంటుందిలే."

"తనంతట తాను తప్పుకునే మొహమేనట్రా అది?"

"సరే, ఓ మాట అడిగి చూస్తాను."

అడగలేదు. రెండుసార్లు నాగరత్నం గుహ దాకా వెళ్లి, ఎండలు మండిపోతున్నాయని మాట్లాడి తిరిగొచ్చాడు.

ఓ మధ్యాహ్నం నిండు చూలాలైన పెళ్లాం గౌరమ్మను నడిపించుకుంటూ తొట్టి దగ్గరికి వచ్చాడు. గిట్ట ఆనించాడు. గేటు కదల్లేదు. మీ పేరు జాబితాలో లేదు, అడ్మిన్‌ని అడగండి అని తెర మీద అక్షరాలు వచ్చాయి.

"అడ్మిన్‌ని నేనే కదా," అన్నాడు సాంబయ్య తెరతోనే.

కంచె అవతల నాగరత్నం కుటుంబం స్నానాలు చేస్తోంది.

"చెల్లెమ్మా, మా పేర్లు పొరపాటున పోయినట్టున్నాయి."

"పొరపాటేం కాదు అన్నయ్యగారూ, జాబితాలోంచీ అడ్మిన్‌గానూ నేనే తీశాను. నీళ్లు తగ్గిపోతున్నాయి కదా."

"గౌరమ్మకు నెలలు నిండాయి. దాన్నొక్కదాన్నయినా రానివ్వమ్మా."

"అర్జీ పెట్టుకోండి, వీలు చూసుకుని చూస్తాను."

"నా పేరు తీసేటప్పుడు నీకేమీ అనిపించలేదా?"

"ఏమనిపిస్తుంది? ఒక్కసారి నొక్కితే అయిపోయింది. మీరెందుకు అంతగా ఆలోచించారో నాకిప్పటికీ అర్థం కాదు."

వెనకాల జింకలు, కుందేళ్లు మూగాయి. వాటి పేర్లూ పోయాయి. నక్కను ఒక్కరూ ఏమీ అనలేదు. ఆవిడకిచ్చింది నువ్వేగా అని సాంబయ్యనే తిట్టిపోశాయి.

గౌరమ్మ గేటు దగ్గర్నించి వెనక్కి తిరిగింది. కొండ అవతల చెలమ ఉందని విని అటు నడిచింది. సగం దారిలోనే ఈనింది. దూడ లేవలేదు.

మర్నాడు నాగరత్నం పరామర్శకు వచ్చింది. గౌరమ్మ మొహం తిప్పుకుంది. సాంబయ్య మాత్రం లేచి, నీడ ఉన్న చోటు చూపించి, కూర్చో చెల్లెమ్మా అన్నాడు.

నీతి: ఒకరికి అధికారం ఇచ్చేనాడే, తిరిగి తీసుకునే ఏర్పాటు కూడా చేసుకుని ఇవ్వండి, తర్వాత మీకు నోరు రాదు.