ఎండిన కాలవలో పడవ

పొద్దు పొడిచి రెండు గడియలైంది. అనగనగా ఒక రాజుగారు కోట మెట్ల మీద కూర్చుని చెప్పుల్లో పడ్డ ఇసుక దులుపుకుంటున్నారు. ఆయన పేరు ధర్మకేతుడు. ఆ ఇసుక కాలవది. పన్నెండేళ్ల కిందట అవే మెట్లకు ఆనుకుని పడవలు ఆగేవి. ఇప్పుడు అక్కడ మేకలు తిరుగుతున్నాయి.

ఆ ఊరు రత్నరేవు. ఏటి నుంచి రత్నరేవు దాకా ఒకటే కాలవ, దాని మీద ఏడు తూములు. ఒక్కో తూముకు ఒక టేకు తలుపు, ఒక కాపరి, ఒక శంఖం. పడవ వచ్చి శంఖం ఊదితే, కాపరి తన శంఖంతో బదులు ఊది తలుపెత్తేవాడు. మరుభూతుడనే మాంత్రికుడు వచ్చి, ఏటి పక్కనున్న ఏడో తూమును ఆక్రమించుకుని తలుపు దించేశాడు. అంతే. మొదటి ఏడాది చేపలు పోయాయి. రెండో ఏడాది పైరు పోయింది. మూడో ఏడాది నుంచి మనుషులు పోవడం మొదలైంది.

రాజుగారు ముగ్గురు కొడుకుల్నీ పిలిచారు. "నాయనలారా, ఊళ్లో రెండు వందల గడప మిగిలింది. కార్తీక పున్నమికి నీళ్లు రాకపోతే వాళ్లూ పోతామంటున్నారు. ఊరు లేనివాడు రాజెలా అవుతాడు?"

పెద్దవాడు వెయ్యిమందితో కాలవ తవ్వించాడు. పూడిక మట్టిని దూరం మోయించడం దండగని గట్టు అంచునే పోయించాడు. ఒక్క వాన కురిసింది. మట్టంతా జారి మళ్లీ కాలవలోనే పడింది.

నడిమివాడు ఏనుగుల్ని తోలుకెళ్లి ఏడో తూము తలుపుకు గొలుసులు కట్టి లాగించాడు. గొలుసులు తెగాయి. దాహానికి తాళలేక ఏనుగులు ఏటికేసి పరుగు తీశాయి. నడిమివాడు కాలినడకన ఇల్లు చేరాడు.

ఇక మిగిలింది చిన్నవాడు, వసుకేతుడు. అతను రేవు చివరి గుడిసెలో ఉండే ముసలి సరంగు పోలయ్య దగ్గరికి వెళ్లాడు.

"తాతా, ఆ తలుపు ఎత్తించే దారేదైనా ఉందా?"

"మీ అన్నగార్లు ఏం పట్టుకెళ్లారు, చిన్నదొరా?"

"ఒకరు పారలు. ఒకరు ఏనుగులు."

పోలయ్య బోసినోటితో నవ్వాడు. "కాలవ మీదికి పోతూ పడవ తప్ప అన్నీ పట్టుకెళ్లారన్నమాట!"

"నీళ్లు లేని కాలవలో పడవెందుకు తాతా?"

"కాపరి ఇంట్లో కాపురమున్నవాడు, రాక్షసుడైనా సరే, తూము కట్టుబాటుకు లోబడాల్సిందే. వాకిట పడవ నిలబడి మూడుసార్లు శంఖం ఊదితే తలుపెత్తాలి. ఎత్తకపోతే తల వెయ్యి చెక్కలవుతుంది. పన్నెండేళ్లుగా ఆ వాకిట పడవ నిలబడలేదు. అందుకే వాడి తల వాడికుంది."

"నువ్వూ రారాదూ నాతో?"

"నా కాళ్లు గుమ్మం దాకా కూడా రావు బాబూ. నా పడవ తీసుకుపో, శంఖం తీసుకుపో. ఒక్కటి మరిచిపోకు. పొద్దువాలితే ఎక్కడున్నా శంఖం ఊదు. పడవవాడి ఆచారం అది. ఊదకపోతే పడవ వట్టి చెక్క."

వసుకేతుడు పడవకు తాడు కట్టి, తాడు భుజాన వేసుకుని, ఎండిన కాలవలో లాగడం మొదలెట్టాడు. "ఏం దొరా, ఇసుకలో చేపలు పడుతున్నాయా?" అని జనం గట్టు మీద నిలబడి వేళాకోళం చేశారు. మొదటి తూము దాటాక వేళాకోళం చేసేవాళ్లు కూడా లేరు.

కథల్లో రాకుమారులు ఏడు సముద్రాలు దాటుతారు. ఇతను దాటాల్సినవి ఏడు తూములు. సముద్రమైతే అలల చప్పుడైనా ఉంటుంది.

పగలంతా పడవ పట్టేటంత మేర పూడిక తీసేవాడు. తీసిన మట్టిని గట్టు దాటించి అవతల పోసేవాడు. ప్రతి తూము దగ్గరా తలుపు పైకెత్తి చీల బిగించేవాడు. ప్రతి తూము దగ్గరా కాపరి ఇల్లు ఖాళీగా ఉండేది. ఒక ఇంట్లో ఉట్టి ఇంకా వేలాడుతోంది, ఉట్టిలో కుండ ఉంది, కుండలో గరిటె ఉంది.

మొదటి సాయంత్రం శంఖం ఊదాడు. బదులు లేదు. రెండో సాయంత్రం ఊదాడు. బదులు లేదు. మూడో సాయంత్రం ఊదాడు. చాలా దూరం నుంచి, ఏటి వైపు నుంచి, ఒక శంఖం బదులు పలికింది.

వసుకేతుడు ఇసుకలో అలాగే కూర్చుండిపోయాడు. ఎక్కడో ఒక మనిషి ఉన్నాడు.

ఆనాటి నుంచి ఏ సాయంత్రమూ బదులు తప్పలేదు. ఆ ఒక్క పిలుపు వినడానికే పగలంతా తవ్వినట్టుండేది.

రెండో తూము దగ్గర దాహంతో పడి ఉన్న ఎండ్రకాయకు నీళ్లు పోశాడు. అది దారికి అడ్డమొచ్చిన వేళ్లు కత్తిరించి పెట్టింది. నాలుగో తూము దగ్గర నీటికుక్కకు నీళ్లు పోశాడు. అది ఏటికి పోయి రోజూ ఒక చేప తెచ్చిపెట్టింది. ఆరో తూము దగ్గర తాబేలుకు నీళ్లు పోశాడు.

"మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందో తెలుసా?" అని దాన్ని అడిగాడు.

"నాకు మూడు వందల ఏళ్లు. తొందరపెట్టకు," అంది తాబేలు. ఇంకో గుక్క తాగి అప్పుడు చెప్పింది. "చిలకలో ఉంది. ఏడో తూము తలుపుకు ఇవతల, పొడిగా ఉన్న వైపు, అడుగున రాతిగూడు ఉంది. ఆ గూట్లో చిలక ఉంది. తలుపు ఎన్నటికీ లేవదని వాడి ధీమా."

"అక్కడ మనుషులెవరైనా ఉన్నారా?"

"పాత కాపరి కూతురు కలువ ఉంది. చిలకకు జామపండ్లు పెట్టడానికి ఆమెను చెరపట్టాడు."

వసుకేతుడు తాడు మళ్లీ భుజాన వేసుకున్నాడు. శంఖం ఊదేదెవరో తెలిసిందనుకున్నాడు.

కార్తీక పున్నమికి ముందురోజు, పొద్దువాలే వేళకు, పడవ ఏడో తూము చేరింది. వసుకేతుడు పడవ ముక్కును సరిగ్గా రాతిగూటికి ఆనించి నిలిపాడు. పైన తూము మీద మరుభూతుడు కునికిపాట్లు పడుతున్నాడు.

"ఎవడ్రా అది?"

"పడవవాణ్ని. తలుపెత్తండి."

"నీళ్లు లేకుండా పడవేమిట్రా, పిచ్చివాడా!"

"తాడుంది, గెడ ఉంది, శంఖముంది. ఇది పడవ కాకపోతే మరేమిటి?" అని వసుకేతుడు శంఖం ఊదాడు.

బదులు వచ్చింది. ఎంత దగ్గరగా వచ్చిందంటే, కాళ్ల కింద పడవ చెక్కలు అదిరాయి. కాపరి ఇల్లు అక్కడికి నాలుగడుగులే. కిటికీలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. వసుకేతుడు ఆమెనే చూశాడు.

మరుభూతుడు కిందికి ఉరికి వచ్చాడు. గూటికి పడవ అడ్డం. నెట్టాడు, కదల్లేదు. "బాబూ, ఒక్క గడియ ఆగు. నిధులిస్తాను."

వసుకేతుడు రెండోసారి ఊదాడు.

"రాజ్యమిస్తాను!"

వసుకేతుడు మూడోసారి ఊదాడు. మూడోసారీ బదులు వచ్చింది.

మాంత్రికుడు తల రెండు చేతులా పట్టుకున్నాడు. తలుపెత్తకపోతే తల పగులుతుంది. ఎత్తితే చిలక మునుగుతుంది. కాస్త ఎత్తితే కాస్తే నీళ్లు వస్తాయనుకుని, తూము మీదికెక్కి జానెడు ఎత్తాడు. పన్నెండేళ్ల నీళ్లు జానెడుతో ఆగలేదు. గూడు మునిగింది, పడవ లేచింది, మాంత్రికుడు నిలబడిన చోట గుప్పెడు దుమ్ము మిగిలింది.

తెల్లారేసరికి నీళ్లు రత్నరేవు కోట మెట్లను తాకాయి. మూటలు కట్టుకున్నవాళ్లు మూటలు విప్పుకున్నారు. వసుకేతుడికీ కలువకూ పడవ మీదే పెళ్లి జరిగింది. ఆ తర్వాత అతను నలభై ఏళ్లు రాజ్యం ఏలాడు. ఆ నలభై ఏళ్లలో కాలవ ఒక్క రోజూ ఎండలేదు.

పెళ్లయిన ఆరో రోజు సాయంత్రం వసుకేతుడు కోట మెట్ల మీద కూర్చుని శంఖం ఊదాడు. కొత్త కాపరులు వరుసగా ఏడు తూముల నుంచీ బదులు ఊదారు.

"ఏడుగురున్నారు గానీ, నీలా ఊదేవాళ్లు ఒక్కరూ లేరు," అన్నాడు కలువతో. "నువ్వు బదులివ్వకపోయి ఉంటే మూడో రోజే వెనక్కి తిరిగేవాణ్ని."

"నేనా?" అంది కలువ. "మా నాన్న శంఖాన్ని మరుభూతుడు వచ్చిననాడే పగలగొట్టాడండీ. ఊదింది చిలక. అది మా నాన్న పెంచిన చిలకే, ఆయన ఊదుతుంటే విని నేర్చుకుంది. పడవలు ఆగిపోయాక పన్నెండేళ్లు పలకలేదు. మీ శంఖం వినబడ్డాక మళ్లీ మొదలెట్టింది. సాయంత్రమైతే చాలు, జామపండు కూడా ముట్టకుండా మీ కోసం చెవి ఒగ్గి కూర్చునేది."