చిలకకాసుకు చొప్పకట్ట

పిల్లలూ, క్రిప్టో అన్నది డబ్బా, కాదా అని పొద్దుటినుంచి వాదులాడుకుంటున్నారు కదా, ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. అసలు డబ్బు చెయ్యాల్సిన పని ఏమిటి? పెరగడమా? బీరువాలో పడుకోవడమా? ఊఁహూఁ, తొందరపడి చేతులెత్తకండి. ముందు కాటుకమ్మ సంగతి వినండి.

కాటుకమ్మ ఒక గేదె. గుండ్లవాగు ఒడ్డున వారం వారం జరిగే అడవి సంతకు పాలు తెచ్చి అమ్ముకునేది. ఆ సంతలో చెల్లేది చింతగింజ. గుప్పెడు గింజలిస్తే ఉప్పు, దోసెడిస్తే ఉలవలు. ఆ వేసవిలో గడ్డంతా మాడిపోయింది. పాలు మానిన దూడకు ఎండుటాకులు తప్ప పెట్టడానికేమీ లేక కాటుకమ్మ అల్లాడిపోతోంది. అందుకే ఆవేళ పాలకుండతో పాటు దూడనూ వెంటబెట్టుకుని బయల్దేరింది. పాలు అమ్మాలి, గాడిద దగ్గర జొన్నచొప్ప కట్ట కొనాలి. అంతే.

సంతలో కాలు పెట్టిందో లేదో, చెవులు చిల్లులు పడేలా కేకలు!

“పెరిగింది! పెరిగింది!”

“ఏం పెరిగిందిరా?” అని కోతిని అడిగింది.

“చిలకకాసు, పిన్నీ! నక్కమామ తెచ్చాడు. పొద్దున ఒక కాసుకి ఒక్క అరటిపండు చొప్పున నా పళ్లన్నీ ఇచ్చేశాను. ఇప్పుడు గెలకి గెల! నేనెంత గొప్పవాణ్ణయిపోయానో చూశావా?”

“గెల ఏదిరా మరి?”

“కొనలేదు. పెరిగే కాసుని ఎవడైనా ఖర్చుపెడతాడా?”

ఇంతలో నక్క తోక ఊపుకుంటూ వచ్చింది. “రా కాటుకమ్మక్కా! నీ పాలకి నాలుగు చిలకకాసులు.”

“ఏదీ, చూపించు.”

“కనపడదక్కా, అదే దాని గొప్ప! దొంగలెత్తుకుపోలేరు, చెదలు తినవు.”

ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. ఎవరి పేరున ఎన్ని కాసులున్నాయో అడవిలోని చిలకలన్నీ గుర్తుపెట్టుకుంటాయి. ‘నక్క నుంచి కాటుకమ్మకు నాలుగు’ అని ఒక చిలక అరుస్తుంది. ఆ కేక కొమ్మ కొమ్మకూ పాకాలి. చిలకలన్నీ ‘ఔను, ఔను’ అనాలి. అప్పుడే చెల్లినట్టు. కేకకింతని చిలకకు జామపండు ఇచ్చుకోవాలి. అర్థమైందా? సరే.

పొద్దున బేరాలు తక్కువ కదా, చిలకలు చకచకా ‘ఔను’ అనేశాయి. పాలకుండ నక్క పక్కకు చేరింది. నాలుగు కాసులు! అవి మధ్యాహ్నానికి రెట్టింపు విలువ చేశాయి. చొప్ప కొందామని రెండడుగులు వేసింది, నక్క అడ్డం వచ్చింది.

“ఇప్పుడే కొంటావా, వెర్రిదానా? సాయంత్రం దాకా ఆగితే బండెడు చొప్ప వస్తుంది!”

ఆగింది. ఆశ ఎవరికుండదు? దూడ “అంబా” అంటే, “ఆగు నాన్నా, బండెడు” అంది.

ఎండ దిగింది. ఎవరో ఏదో అన్నారు, కాసు ధర గభాలున పడింది. ఇక చూడండి తమాషా, సంత సంతంతా ఒక్కసారే ఖర్చుపెట్టడానికి లేచింది! కాటుకమ్మ గాడిద దగ్గరికి పరుగెత్తింది.

“గాడిదన్నా, ఒక్క కట్ట ఇవ్వు! నాలుగూ తీసుకో.”

“నీ మీద కోపం లేదమ్మా. ఈ కేక అడవంతా తిరిగొచ్చేసరికి నాలుగు కాసులు నాలుగు గడ్డిపరకలవుతాయేమో! నేను ఉలవలు కొనుక్కోవాలి. ఉలవల ఉడుతేమో చింతగింజలే అడుగుతోంది.”

“కాస్త దయ చూడన్నా.”

“సరే, చిలకలు ఔనంటే ఇస్తాను.”

కాటుకమ్మ చెట్టు మీద కూర్చున్న చిలకను బతిమాలింది.

“వరసలో నిలబడు. ముందు పోవాలంటే బుట్టెడు జామపళ్లు తే,” అంది చిలక.

“బుట్టెడా! చొప్పకట్టే అంత ఖరీదు లేదే!”

“మరి మా గొంతులు నొప్పెట్టవా?”

పొద్దు కొండ మీద కూర్చుంది. దూడ అరవడం కూడా మానేసి తల్లి కాళ్ల దగ్గర కూలబడింది. గేదెలు కదా, నెమరువేస్తూ ఆలోచిస్తాయి. ‘పెరిగేటప్పుడు ఇవ్వబుద్ధి కాలేదు. తరిగేటప్పుడు పుచ్చుకునేవాడు లేడు. మరి ఈ కాసు చెల్లేదెప్పుడు?’

సరిగ్గా అప్పుడే నక్క హడావిడిగా వచ్చింది. పాలకుండలు, అరటిపళ్లు, బెల్లం దిమ్మలు, వేరుసెనగ బస్తాలు దాని పక్కన గుట్టగా పడి ఉన్నాయి. “గాడిదా, మోత ఉంది, లే! చీకటి పడితే దుమ్ములగొండ్లు దిగుతాయి. కిరాయి పది చిలకకాసులు!”

కాటుకమ్మ గాడిద చెవిలో ఏదో ఊదింది. గాడిద పళ్లికిలించింది.

“పదీ చాలు మామా, మహా సంతోషం! కాకపోతే సంత కట్టుబాటు నీకు తెలిసిందే. కిరాయి చేతికందందే గాడిద కాలు కదపదు. చిలకలన్నీ ఔననీ, బయల్దేరదాం.”

“అన్నీనా? అయ్యేసరికి తెల్లారుతుంది!”

“తెల్లారనీ మామా. మంచి కాసు కదా, ఆగితే పెరుగుతుంది!”

వాగు అవతల దుమ్ములగొండి ‘హిహిహి’ అని నవ్వింది. నక్క తటాలున చంకలోంచి మూట తీసి విప్పింది. “ఇవిగో, ఇవి పుచ్చుకో! త్వరగా!”

గలగలమంటూ రాలాయి. నిగనిగలాడే చింతగింజలు!

“చూశారా!” కాటుకమ్మ సంత దద్దరిల్లేలా రంకె వేసింది. “మనకు చిలకకాసు, తనకు చింతగింజా? నీ కిరాయికి పనికిరాని కాసు నా దూడ మేతకు ఎలా పనికొస్తుంది నక్కా?”

“నీ కాసులు నీకే, నా పళ్లు నాకియ్యి!” కోతి ఎగిరి దూకింది. “నా బెల్లం!” “నా బస్తా!” అంటూ సంతంతా విరుచుకుపడింది. దుమ్ములగొండి మళ్లీ నవ్వింది, ఈసారి వాగుకు ఇవతల! నక్క మూటా ముల్లే వదిలేసి, బతికుంటే బలుసాకు తినొచ్చనుకుంటూ పొదల్లో పడి పరుగు తీసింది.

సంతంతా ఒక్క గుంపై ఉండడం చూసి దుమ్ములగొండి దగ్గరికి రాలేదు. కాటుకమ్మ తన పాలకుండ వెతుక్కుంది. పాలు అప్పటికే తోడుకున్నాయి. “పెరుగైతే మరీ మంచిది,” అని అడవిపిల్లి చింతగింజలు ఎంచి ఇచ్చింది. ఆ గింజలు గాడిద చేతిలో, చొప్పకట్ట దూడ ముందు, రెప్పపాటులో! ఏ చిలకనూ అడగక్కర్లేకపోయింది. దూడ కరకరా నమిలింది.

చిలకలు మాత్రం రాత్రంతా గొంతు చించుకుని, కాసులన్నీ తిరిగి నక్క పేరున చేర్చాయి. తెల్లారేసరికి అడవిలోకెల్లా గొప్ప కాసులవాడు నక్కే. నమలడానికి మాత్రం ఒక్క పల్లీగింజ కూడా లేదు.

నీతి: ఎంత ఎత్తుకు ఎగిరినా సరే, ఆకలివేళ కట్టెడు మేత కొనిపెట్టలేనిది సంతకు డబ్బు కాదు.

ఇప్పుడు చేతులెత్తండి, డబ్బు పని ఏమిటి? జవాబు మీలో మీరు తేల్చుకుంటూ ఉండండి. మునగాకు సగమే దూసి వచ్చింది ఈ నాయనమ్మ, మిగతాది వాడిపోకముందే వెళ్లాలి.