ప్రసూన చదవని సగం

తునిలో ప్రసూన అనే అమ్మాయి ఉండేది. తెలివికి లోటు లేదు గాని, ఎదుటివాళ్ళు చెప్పేది చివరిదాకా వినే ఓపిక ఆమెకు బొత్తిగా లేదు.

మాట సగంలో ఉండగానే "తెలిసింది, తెలిసింది" అనేది. చాలాసార్లు నిజంగానే తెలిసేది. అదే ఆమెకు చేటయింది. తెలివి తక్కువ వాడు సగం విని తప్పు చేస్తే వెంటనే తిట్లు తింటాడు, దిద్దుకుంటాడు. తెలివైనవాడు సగం విని కూడా నెగ్గుకొస్తాడు. అలా నెగ్గిన కొద్దీ ఆ అలవాటు ముదురుతుంది.

ఒకనాడు తల్లి మంగతాయారు డాబా మీద వడియాలు పెట్టి కిందికి వచ్చింది. "ప్రసూనా, మబ్బు పడుతోంది. పైకి వెళ్ళి ఆ వడియాల..." అంటుండగానే ప్రసూన మెట్లెక్కేసింది. పచ్చి వడియాలన్నీ గుడ్డ మీంచి గీకి, గిన్నెలో వేసుకుని దిగింది. కిందికి వచ్చేసరికి అవన్నీ ఒకటే ముద్ద.

"తియ్యమన్నానా నేను? వాటిమీద పట్టా కప్పమన్నాను," అంది తల్లి.

"కప్పమని నువ్వు చెప్పలేదు."

"చెప్పనిచ్చావా?"

ప్రసూన అప్పుడు ఇంటర్ రెండో ఏడాది చదువుతుండేది. హైదరాబాదులో ఒక పెద్ద యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రం చదవాలని ఆమె కోరిక. ఆ చదువు తునిలో లేదు. అక్కడ సీటు రావాలంటే దేశం మొత్తానికీ పెట్టే ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో ఇంగ్లీషు పాసేజీలు ఇస్తారు. చదివి, కింద ఇచ్చిన ప్రశ్నలకు నాలుగేసి జవాబుల్లోంచి సరైనది గుర్తించాలి. తప్పు గుర్తిస్తే ఉన్న మార్కుల్లోనూ కోత పడుతుంది.

తండ్రి అప్పలరాజు మెయిన్ రోడ్డులో చెప్పుల కొట్టు నడిపేవాడు. ఆయన మాట తక్కువ, చెప్తే తిరుగు ఉండదు. "సీటు వస్తే హాస్టల్లో పెట్టి చదివిస్తాను. రాకపోతే ఇక్కడి కాలేజీలోనే డిగ్రీ. మళ్ళీ రాస్తానని ఏడాది ఖాళీగా కూర్చుంటే ఒప్పుకోను," అన్నాడు.

"ఏం చదువమ్మా అది?" అని పక్కింటి వరాలమ్మ అడిగింది.

"మనుషులు చెప్పుకునేదంతా కూర్చుని వినే చదువట," అంది మంగతాయారు. "మా మాట మాత్రం వినదు."

ఆ ఊళ్ళో గ్లోరీ టీచరు ఉండేది. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయింది. సాయంత్రాలు తన ఇంటి ముందుగదిలో పరీక్షలకు వెళ్ళే పిల్లల చేత పాసేజీలు చదివించేది. ఆవిడకొక పద్ధతి ఉండేది. పాసేజీ ఉన్న కాగితం ముందు ఇచ్చేది. ప్రశ్నల కాగితం తన ఒళ్ళో బోర్లించి పెట్టుకునేది. పాసేజీ రెండుసార్లు చదివినవాళ్ళకే ప్రశ్నలు ఇచ్చేది.

ప్రసూనకు ఆ గదిలో కూర్చోవడం ముళ్ళమీద కూర్చున్నట్టు ఉండేది. ఫ్యాను చప్పుడు వినపడేది, రోడ్డుమీద ఆటో హారన్ వినపడేది, ఎదురుగా ఉన్న పాసేజీ మాత్రం తలకెక్కేది కాదు. కాలు ఊపేది. పెన్ను టకటకలాడించేది. నాలుగు వాక్యాలు చదివేసరికి, ఇంతకీ ఏం అడుగుతారో అన్న ఆత్రం పట్టేది.

పక్కన రెహానా కూర్చునేది. ఇద్దరూ చిన్నప్పటినుంచీ ఒకే క్లాసు. రెహానాది నెమ్మది చదువు. ప్రతి వాక్యం కిందా వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివేది.

"నీ వేలు పేజీ అడుక్కి చేరేసరికి యూనివర్సిటీలో సెలవులిచ్చేస్తారే," అనేది ప్రసూన.

"ముందు వెళ్ళి నాకూ ఒక సీటు పట్టి ఉంచు," అనేది రెహానా వేలు తియ్యకుండా.

ఇలా ఉండగా ప్రసూనకు ఫోన్లో ఒక వీడియో కనపడింది. అందులో ఒక పెద్దమనిషి చొక్కా చేతులు మడుచుకుని, పాసేజీ మొత్తం చదవడం శుద్ధ దండగ అని చెప్పాడు. ముందు ప్రశ్న చూడాలట. ప్రశ్నలో ముఖ్యమైన మాట పట్టుకుని, అది పాసేజీలో ఎక్కడుందో వెతకాలట. దాని పక్కనున్న మాటలు ఏ జవాబులో కనపడితే ఆ జవాబు నొక్కెయ్యాలట. ఆ వీడియో కూడా ప్రసూన సగమే చూసింది. పద్ధతి తెలిసిపోయింది కదా అని కట్టేసింది.

మర్నాడు టీచరు పాసేజీ ఇచ్చింది. ప్రసూన కాసేపు దానివైపు చూసి, "రెండుసార్లూ అయిపోయింది టీచర్," అని అబద్ధమాడింది. ప్రశ్నలు తీసుకుంది. మాటలు వెతికింది, గుర్తులు పెట్టింది. రెహానా ఇంకా మొదటిసారి చదువుతూనే ఉంది.

టీచరు దిద్దింది. అన్నీ ఒప్పే. కళ్ళద్దాలు తీసి ప్రసూన వంక చూసింది.

"బాగుంది. మరి ఆ ముసలాయన కొడుకుతో మాట్లాడటం ఎందుకు మానేశాడు?"

ప్రసూన తెల్లబోయింది. ఏ ముసలాయనో, ఏ కొడుకో ఆమెకు తెలియదు. "ఆ ప్రశ్న మీరు ఇవ్వలేదు కదా టీచర్," అంది.

"ఇవ్వలేదు. పాసేజీ అంతా అదే."

"పరీక్షలో జవాబులకే కదా టీచర్ మార్కులు?"

"అవును. నీకూ వేశాను చూడు." టీచరు కాగితం తిరిగి ఇచ్చింది. "రేపటినుంచి నువ్వు పైకి చదువు. నేను వింటాను."

ఒకటో తరగతి పిల్లలా పైకి చదవడమా? ప్రసూనకు మొహం కందగడ్డ అయింది. మర్నాటినుంచి ఆ గుమ్మం తొక్కడం మానేసింది.

ఇంట్లో ఫోన్ పట్టుకుని తనే సాధన మొదలుపెట్టింది. ఫోన్లో పాసేజీలు పొట్టివి. ఒకటి నొక్కడం, మాటలు వెతకడం, మార్కులు చూసుకోవడం, ఇంకొకటి నొక్కడం. మార్కులు ఎక్కువే వచ్చేవి. అయినా మనసు నిలిచేది కాదు. మంచం మీద కాసేపు, గుమ్మంలో కాసేపు, డాబా మెట్లమీద కాసేపు. అన్నం తింటూ కూడా ఎడమచేత్తో నొక్కుతూ ఉండేది. ఇన్ని చేసినా, చేసిన పాసేజీ ఒక్కటీ గుర్తుండేది కాదు. ఏదో తరుముతున్నట్టు ఉండేది. తరిమేది ఏమిటో ఆగి చూసుకుంటే తెలిసేది. ఆమె ఆగలేదు.

"అదేం చదువే, కోడి గింజలు ఏరుకున్నట్టు?" అంది తల్లి.

"నీకు తెలీదులే అమ్మా," అంది ప్రసూన.

పరీక్ష కాకినాడలో. అప్పలరాజు ఆ రోజు కొట్టు కట్టేసి ప్రసూననూ రెహానానూ బస్సులో తీసుకెళ్ళాడు. కంప్యూటర్ మీద రాసే పరీక్ష అది. గది నిండా తెరలు, చల్లటి ఏసీ గాలి. ప్రసూన కుర్చీ అంచున కూర్చుంది. పరీక్ష గదిలో పర్యవేక్షణకు ఉన్న ఆయన నిలబడి, తెరమీద ఏది ఎక్కడ ఉంటుందో చెప్పడం మొదలుపెట్టాడు. "ఎడమవైపు పాసేజీ వస్తుంది. దాని పక్కన..." అంటున్నాడు. ప్రసూన అప్పటికే సూచనల పేజీ దాటించేసి, 'చదివాను' అన్న గడిలో టిక్కు పెట్టి, టైము ఎప్పుడు మొదలవుతుందా అని తెర మూలకు చూస్తోంది.

మొదలయింది. ఆమె కళ్ళు పాసేజీ మీదికి పోలేదు, కుడివైపు ప్రశ్న మీదికి పోయాయి. ఒక పాసేజీలో ఊరి పక్క బురదనేల పూడ్చి ఆటస్థలం చేసిన సంగతి ఉంది. 'ఈ పని గురించి రచయిత అభిప్రాయం ఏమిటి?' అని ప్రశ్న. 'ఆటస్థలం' అన్న మాట పైనే దొరికింది. దాని పక్కన 'దోమలు పోయాయి, పిల్లలకు చోటు దొరికింది, ఊరికి మేలు జరిగింది' అని ఉంది. మేలు జరిగిందన్న జవాబు నొక్కింది. ఇంకో రెండు ప్రశ్నల్లో మాటలు ఎంత వెతికినా ఎడమవైపు కనపడలేదు. లేని మాటలు ప్రశ్నలోకి ఎలా వచ్చాయన్న అనుమానం ఒక్క క్షణం తగిలింది. కావాలనే తికమక పెడుతున్నారని సర్దిచెప్పుకుని, దగ్గరగా తోచినదాన్ని నొక్కి ముందుకు పోయింది.

అందరికంటే ముందు ముగించింది. టైము అయ్యేదాకా బయటికి పంపరు. ఊరికే కూర్చోవడం ఆమెకు నరకం. కాలు ఊపింది. వేళ్ళు విరుచుకుంది. రెండు వరసల అవతల రెహానా తెరమీదికి వేలు చాపి, పెదాలు కదుపుతోంది. దాన్ని చూసి ప్రసూనకు జాలి వేసింది.

పర్యవేక్షణకు ఉన్న ఆయన ఆమె పక్కకు వచ్చాడు. "టైముంది కదమ్మా, మళ్ళీ ఒకసారి చూసుకో."

"చూసుకున్నాను సార్," అంది ప్రసూన. చూసుకోలేదు. అయిపోయినదానికి మళ్ళీ వెనక్కి వెళ్ళడమంటే ఆమె ఒళ్ళు ఒప్పుకునేది కాదు.

తిరుగు బస్సులో అప్పలరాజు ముందు సీట్లో కూర్చున్నాడు. ఆడపిల్లలిద్దరూ వెనక కూర్చున్నారు. రెహానా మొహం వాడిపోయి ఉంది.

"చివర్లో కొన్ని ముట్టుకోలేదే," అంది. "టైము చాలలేదు."

"నేనన్నీ పెట్టేశాను," అంది ప్రసూన. "చెప్తే విన్నావా? వేలు పెట్టుకుని కూర్చున్నావు."

రెహానా కిటికీలోంచి బయటికి చూసింది. "పాపం ఆ ఊరు, కదే," అంది.

"ఏ ఊరు?"

"అదేనే, బురదనేల పూడ్చుకున్న ఊరు. చివరికి ఇళ్ళన్నీ మునిగిపోయాయి కదా."

ప్రసూన నవ్వింది. "మునగడమేమిటే? ఆటస్థలం వల్ల మేలు జరిగిందన్నాడు కదా."

"అది పైన. ఆ పొగడ్తలన్నీ ఊళ్ళోవాళ్ళవి. రాసినాయనవి కావు." రెహానా ఆమె మొహంలోకి చూసింది. "కిందికి జరిపావా?"

"ఏం జరపడం?"

"పాసేజీ పక్కన సన్నగా ఒక గీత ఉంది కదే, దాన్ని కిందికి లాగితే మిగతాది వస్తుంది. మొదట్లోనే చెప్పాడు కదా ఆయన."

ప్రసూన సీట్లో ముందుకు జరిగింది. "ఆ ఒక్క పాసేజీకేనా?" అంది మెల్లగా.

"అన్నింటికీ."

బస్సు పిఠాపురం దాటింది. ప్రసూన రెహానా వైపు తిరిగింది. "ఆ ఊరికి ఏమైందో చెప్పవే," అంది.

రెహానా చెప్పింది. వానాకాలపు నీళ్ళన్నీ ఒకప్పుడు ఆ బురదనేలే తాగేదట. దాన్ని పూడ్చాక, నీళ్ళకు పోయే దారిలేక ఇళ్ళలోకి వచ్చాయట. రెహానా చెప్పడం కూడా చదివినట్టే, నెమ్మది. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క ప్రశ్న ప్రసూన కళ్ళముందుకు వస్తోంది. ఎడమవైపు కనపడలేదనుకున్న మాటలన్నీ ఇక్కడ ఉన్నాయి. తను నొక్కిన జవాబులు గుర్తుకు వస్తున్నాయి. ఇది తప్పు. ఇదీ తప్పు. చెవులు మూసుకోవాలనిపించింది. 'తెలిసింది, తెలిసింది' అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆమెకు ఏమీ తెలియదు. తెలియదని ఆమెకు తెలియడం అదే మొదటిసారి. రెహానా ముగించేదాకా కదలకుండా విన్నది.

ఫలితాలు వచ్చాయి. రెహానాకు సీటు వచ్చింది. చదివినంతవరకూ ఆ పిల్ల చదివే రాసింది, తెలియని చోట చెయ్యి పెట్టలేదు. ప్రసూనకు పాసేజీల్లో వచ్చిన మార్కులకంటే కోత పడ్డవే ఎక్కువ. సీటు రాలేదు. అప్పలరాజు తిట్టలేదు. సాయంత్రం కొట్టునుంచి వస్తూ ఊళ్ళో కాలేజీ దరఖాస్తు తెచ్చి బల్లమీద పెట్టాడు, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండునని ప్రసూనకు అనిపించింది.

పక్కింటి వరాలమ్మ పలకరించడానికి వచ్చింది. "ఏం చేస్తామమ్మా. మన పిల్లలకు ఆ ఇంగ్లీషు ఎక్కడ మింగుడు పడుతుంది? చాలా కష్టంగా ఇచ్చారట కదా," అంది.

"అదే కదా," అని మంగతాయారు నిట్టూర్చింది. కూతురిని కాపాడుకునే దారి దొరికింది ఆ తల్లికి.

గుమ్మంలో నిలబడ్డ ప్రసూనకూ ఆ దారి కనపడింది. ఊరుకుంటే చాలు, నింద ఇంగ్లీషు మీదికి పోతుంది. వరాలమ్మ ఇంకా ఏదో చెబుతోంది. ప్రసూన ఆవిడ మాట పూర్తయ్యేదాకా ఆగింది.

"కష్టంగా ఇవ్వలేదు పిన్నిగారూ," అంది. "నాకు వచ్చిన ఇంగ్లీషే. నేను చదవలేదు, అంతే."

ఈ కథ విన్నవాళ్ళు ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి: తొందరపాటు మనకు పని ముగించిన సంతోషాన్ని ఇస్తుంది గాని, పనిని ముగించదు, కాబట్టి చెప్పింది చివరిదాకా విని, రాసింది చివరిదాకా చదివిన తరువాతే జవాబు చెప్పాలి.